దొరసాని చేపాలంటే

నేను అడిగింది ఒక్కటే. పాలు పితికేటప్పుడు నన్ను తిట్టొద్దు. మిగతా రోజంతా ఆవిడిష్టం.

ఇందులో తప్పేముందో మీరే చెప్పండి. మా పశువుల పాక రోడ్డు పక్కనే ఉంది. తెల్లారేసరికి ఊళ్ళో సగం మంది క్యాన్లు పట్టుకుని మా పాక ముందునుంచే పాలకేంద్రానికి వెళతారు. నేను బకెట్టు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని గేదె పక్కన కూర్చుంటాను. మా ఆవిడ తొట్టిలో తవుడు కలుపుతూ మొదలుపెడుతుంది. సముద్రపు గాలి ఒక్క మాట కూడా కింద పడనివ్వకుండా రోడ్డు మీదికి మోసుకుపోతుంది.

"పాక రేకు ఎగిరిపోతోంది, మేకు కొట్టమంటే ఇంట్లో గోడకున్న మేకు పీకి తెస్తావా? దానికి వేలాడే అద్దం ఏమవుతుందనుకున్నావు?"

నేను కేంద్రానికి చేరేసరికి, పక్కింటి దగ్గుల మామ అక్కడ నాకోసం కాచుకుని ఉంటాడు.

"ఏరా అల్లుడూ, అద్దం పూర్తిగా పగిలిందా, బీట వేసిందా?"

ఇంకెంతకాలం ఓర్చుకోను? ఆ రోజు తేల్చేశాను.

"రేపటినుంచి పాకలో నోరు విప్పావంటే నేను పితకను."

"విప్పను."

"మళ్ళీ మాట తప్పకూడదు."

"నాకేం సరదానా? తవుడు పెట్టేసి లోపలికి పోతాను."

అంత తేలిగ్గా ఒప్పుకుందేమిటా అని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

మర్నాడు పాక ప్రశాంతంగా ఉంది. దూడను వదిలాను, కాస్త కుడవనిచ్చి లాగి కట్టేశాను, పొదుగు కడిగాను. అయినా మా గేదె దొరసాని చేపలేదు. పాలు కిందికి దిగలేదు. పిండీ పిండీ నా వేళ్ళు వాచాయి గాని, బకెట్టు అడుగైనా తడవలేదు.

తవుడు పెంచాను. పచ్చిగడ్డి కోసుకొచ్చాను. మెడ కింద గోకాను. లాభం లేదు. సూదుల డాక్టరు వచ్చి కళ్ళు చూశాడు, పొదుగు తడిమాడు.

"రోగం లేదు. దేనికో బెంగపెట్టుకుంది. ఇంట్లో ఎవరైనా ఊరెళ్ళారా?"

"అందరూ ఇక్కడే ఉన్నారండీ. నోళ్ళే లేవు."

కేంద్రంలో పాలు కొలిచే మీటరు బాబాయి నా క్యానులోకి తొంగిచూశాడు. "ఇవి పొయ్యడానికి తెచ్చావా, పరీక్షకి తెచ్చావా?" అన్నాడు. వెనకున్నవాళ్ళంతా నవ్వారు. గేదెల బేరగాడికి వాసన తగిలినట్టుంది, మా పాక ముందు అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు. మా ఇల్లు నడిచేది ఆ ఒక్క గేదె మీద. అది పాలివ్వకపోతే వాడు అడిగిన ధరకి తోలెయ్యడమే.

ఆ సాయంత్రం ఉత్త బకెట్టు పట్టుకుని దొరసాని పక్కన కూర్చున్నాను. పెరట్లో మా ఆవిడ వాళ్ళక్కతో ఫోనులో మాట్లాడుతోంది.

"మీ మరిది సంగతి కొత్తగా చెప్పాలటే అక్కా? కొత్త గొడుగు తడుస్తుందని చంకలో పెట్టుకుని, ఆయన తడుస్తూ వచ్చాడు!"

దొరసాని చెవులు నిక్కించింది. కళ్ళు అరమోడ్చింది. నా చేతికింద పొదుగు మెత్తబడింది. సర్రు సర్రుమని పాలు దిగి బకెట్లో నురగ లేచింది. అక్కడ ఫోను పెట్టెయ్యగానే ఇక్కడ పాలు ఆగిపోయాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. దీని పేడ ఎత్తేది నేను. దీనికి గడ్డి మోసేది నేను. దీన్ని కాలవలో దింపి వీపు తోమేది నేను. అలాంటి నన్ను తిడితే దీనికి పాలు దిగుతాయా!

పోయి ఆవిడనే అడుగుదామంటే పౌరుషం అడ్డొచ్చింది. అందుకని ఉపాయం పన్నాను. నా ఫోను రికార్డింగులో పెట్టి కిటికీలో దాచాను. పేడ చేతులు తుడుచుకున్న తువ్వాలు తీసుకెళ్ళి, ఆవిడ ఉతికి ఆరేసిన చీర మీద వేశాను. ఫోను కడుపునిండా రికార్డు చేసుకుంది.

పొద్దున్నే దాన్ని పాక గుంజకి కట్టి మోగించాను. దొరసాని చేపింది! బకెట్టు నిండుతోంది. రోడ్డు మీద దగ్గుల మామ ఆగిపోయాడు.

"అమ్మయ్య, మళ్ళీ మొదలైందా! ఈ మధ్య పొద్దే పోవడం లేదురా అల్లుడూ."

సరిగ్గా అప్పుడే దొరసాని ఈగని తోలుకోబోయి తోక విసిరింది. ఫోను ఎగిరి నిండు బకెట్లో పడింది. "సిగ్గుందా నీకు..." అంటూనే మునిగి, బుడగలు వదిలింది. దొరసాని పాలు బిగబట్టేసింది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో మా ఆవిడ.

"నా గొంతు దొంగిలించుకొచ్చావా?"

"ఇంకేం చెయ్యమంటావే? అది నీ తిట్లకి తప్ప చేపడం లేదు!"

"తెలుసు."

"తెలుసా!"

"తొలిసారి ఈనినప్పుడే తెలుసు. బుజ్జగించాను, పాట పాడాను, చేపలేదు. నువ్వు బురదకాళ్ళతో వచ్చావు, కసిరాను, చేపింది. అప్పట్నుంచీ ఇంటికోసం నోరు నొప్పి పుట్టేలా తిడుతున్నాను. నాకేం సరదానా?"

నాకు ప్రాణం లేచివచ్చింది. "అంటే ఇన్నాళ్ళూ తిట్టినదంతా ఉత్తుత్తిదేనా?"

"పాకలోవి గేదెకోసం. ఇంట్లోవి నీకోసమే."

రోడ్డు మీద జనం పోగవుతున్నారు. బేరగాడు కూడా ఉన్నాడు. గొంతు తగ్గించి, "సరే, తిట్టవే" అన్నాను.

"వినపడలేదు."

"తిట్టమంటున్నాను!" అని అరిచాను. ఊరంతా విన్నది.

"ఊరికే తిట్టమంటే ఎలా? ఏదైనా కారణం ఉండాలి కదా."

"పాలబకెట్లో ఫోను పడేశాను, చాలదా?"

చాలింది. పాలు దిగాయి. మామ క్యాను బోర్లించి దానిమీద కూర్చున్నాడు. బేరగాడు మళ్ళీ మా వీధిలో కనిపించలేదు.

కొన్నాళ్ళకి దొరసాని మళ్ళీ చూలు కట్టి వట్టిపోయింది. బకెట్టు కడిగి గోడకి తగిలించాను. ఈనేదాకా నాకు సెలవే అనుకుని, పొద్దున్నే గుమ్మంలో టీ గ్లాసుతో కాళ్ళు చాపుకున్నాను.

పాకలోంచి కేక. "ఆ రేకుకి మేకు ఇంకా కొట్టలేదేం?"

"గేదె వట్టిపోయింది కదే! తిట్టి ఏం లాభం?"

"బాగానే ఉంది. ఇప్పుడు అలవాటు తప్పితే, రేపు ఈనాక చేపకపోతే పూచీ ఎవరిది? నువ్వా?"

దొరసాని నెమరు ఆపి నా వైపు చూసింది. రోడ్డు మీద మామ దగ్గు వినిపించింది.

టీ గ్లాసు పక్కన పెట్టాను. గోడకున్న బకెట్టు తీసుకుని, వెళ్ళి నా చోట్లో కూర్చున్నాను.