పేరున్న మెడ

తెలుగువాడి పౌరుషాన్ని ప్రపంచానికి చాటే సదుద్దేశంతో ఫిలింనగర్ నిర్మాత పరబ్రహ్మం గారు యూసుఫ్‌గూడ మైదానంలో జోడీ కుస్తీ పోటీలు ప్రారంభించిన సంగతి మీకు తెలిసిందే. ఆ పౌరుషం సరిగ్గా ఆయన కుమారుడి కొత్త సినిమా విడుదలకు ముందే పొంగుకు రావడం కేవలం కాకతాళీయం. కుమారుడి పేరు వేంకటరమణ. తెరమీద రణధీర్. జూబ్లీహిల్స్‌లోనే పుట్టి, జూబ్లీహిల్స్‌లోనే పెరిగి, ఎండ అనేది ఒకటుంటుందని కారు అద్దంలోంచి తెలుసుకున్న వీరుడు.

వీరుడన్నాక తన్నులు తినడానికి మనుషులు కావాలి కదా. కృష్ణానగర్ నుంచి బాలశౌరినీ, బోరబండ నుంచి హనుమంతునూ పిలిపించి, ఇద్దరినీ కలిపి 'మొరటు సోదరులు' అని పేరుపెట్టారు. ఒకడిది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం, ఇంకొకడు ఇక్కడివాడు, సోదరులెలా అయ్యారని ఎవరూ అడగలేదు. ఇద్దరికీ గడ్డం ఉంది. పోటీల కమిటీవారు తృప్తి చెందారు.

జోడీ కుస్తీకి ఒక ధర్మం ఉంది. ఒకడు లోపల చావుదెబ్బలు తింటుంటే రెండోవాడు రింగు తాళ్ల బయట నిలబడి చూడాలి. లోపలివాడు చెయ్యి అందిస్తేనే బయటివాడు దిగాలి. ఈ సంయమనం నేర్పడానికి బొంబాయి నుంచి వచ్చిన మాస్టారికి మొదటి పూటకే పని లేకుండా పోయింది. సినిమా ఫైటర్లకు అది ఒంటబట్టిన విద్య. హీరో ఒక్కణ్ణి కొట్టి ముగించేదాకా మిగతావాళ్లు చుట్టూ నిలబడి, కత్తులు ఊపుకుంటూ, తమ వంతు కోసం ఎంత ఓపిగ్గా చూస్తారో మీరు ఎరగనిది కాదు. రేషన్ షాపు ముందు కూడా అంత మర్యాద కనబడదు.

బాలశౌరి భార్య కరుణాకుమారికి మాత్రం జాతి పౌరుషం మీద బొత్తిగా ఆసక్తి లేదు. చంకలో పిల్లనెత్తుకుని ఆ అమ్మాయి చూసేదల్లా మొగుడి మెడను. ఎవరైనా పిలిస్తే అతను తల తిప్పడం మానేసి మనిషి మొత్తం తిరగడం మొదలుపెట్టాక ఆమెకు నిద్ర సరిగా పట్టడం లేదు. బాలశౌరి సినిమాల్లో నాలుగో రౌడీ. తీరిక దొరికితే రణధీర్‌కు డూప్. రణధీర్ మేడ అంచున నిలబడి కళ్లెర్రజేస్తాడు. కెమెరా ఆపుతారు. రణధీర్ మెట్లు దిగివచ్చి కుర్చీలో కూర్చుంటాడు. అదే రంగు చొక్కా తొడుక్కుని బాలశౌరి దూకుతాడు. చూసినవాళ్లు రణధీర్ దూకాడంటారు. ఈ ఏర్పాటులో ఇంతవరకూ ఏ పొరపొచ్చమూ రాలేదు. ఎముకల డాక్టరు ఒక్కడే అభ్యంతరం చెప్పాడు. మరోసారి ఆ మెడ మీద పడితే చేతులు రెండూ పడిపోతాయన్నాడు.

పోటీకి ముందు కరుణ ధైర్యం చేసి ఫిలింనగర్ ఆఫీసుకు వెళ్లింది. పరబ్రహ్మం గారు ఆడకూతురని ప్రత్యేకంగా గౌరవించి, నిలబెట్టే మాట్లాడారు.

"అమ్మా! కళ త్యాగాన్ని కోరుతుంది. ఎవరి త్యాగం అనేది కాలం నిర్ణయిస్తుంది. మీ ఆయన ఇందులో దూకక్కర్లేదు, నిజాయితీగా ఓడిపోతే చాలు. వచ్చే సినిమాలో పేరున్న పాత్ర ఇస్తాను. పేరు, ఒక డైలాగు, వీలైతే ఒక చావు!"

కరుణ ఏడో తరగతితో బడి మానేసినా ఈ లెక్క వెంటనే కట్టేసింది. పేరున్న పాత్రలకు డూప్ ఉంటాడు. డూప్ ఉన్నవాడి మెడకు ఢోకా లేదు. చేతులెత్తి దండం పెట్టి వచ్చేసింది.

అయినా పోటీ రోజు మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ మళ్లీ మొదలుపెట్టింది. "ఏవండీ, పడేటప్పుడు మెడ మీద పడకండి."

"పడటంలో నాకు చెప్తావా? పుట్టిందే అందుకు కదే" అన్నాడు బాలశౌరి.

"ఫికర్ చెయ్యకు వదినా. ఆఖర్ల కింద పండేది నేను. రణధీర్ సార్ దుంకేది నా మీద. అన్న బయట నిలవడి చూసుడే, గంతే" అన్నాడు హనుమంతు, రెండోసారి పప్పు వేయించుకుంటూ.

మైదానం కిక్కిరిసింది. ముందు వరుసలో కరుణ, పక్కన పొరుగింటావిడ భూలక్ష్మి. మొరటు సోదరులకు నల్ల బట్టలు, జోడీ అక్కర్లేకుండా ఒంటరిగా దిగిన రణధీర్‌కు బంగారు రంగు బట్టలు. ఎవరు మంచివాళ్లో ఎవరికీ అనుమానం రాకూడదు కదా. రణధీర్ చెయ్యి ఎత్తగానే, అది తగిలేదాకా ఆగే అలవాటు లేని మొరటు సోదరులు గాల్లోకి లేచారు. అతను ఒకసారి తుమ్మితే హనుమంతు తాళ్ల మీంచి అవతల పడ్డాడు. జనం పులకించిపోయారు.

ఆఖరి ఘట్టం వచ్చింది. హనుమంతు రింగు మధ్యలో వెల్లకిలా పడుకుని, ఒప్పందం ప్రకారం కళ్లు మూసుకున్నాడు. రణధీర్ రింగు మూలనున్న స్తంభం ఎక్కి, చేతులు చాపి, కళ్లెర్రజేశాడు. ఈలలు. పూలు. అక్కడిదాకా సవ్యంగా జరిగింది. ఇక్కడ కెమెరా ఆపరని, ఆపేవాళ్లే లేరని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉంటుందని ఎవరికీ తోచలేదు. కళ్లెర్రజేయడం అయిపోగానే రణధీర్ జాగ్రత్తగా స్తంభం దిగాడు. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. బత్తాయి రసం అడిగాడు.

మైదానమంతా 'దూకు! దూకు!' అని హోరెత్తింది. కరుణ స్తంభం వైపు చూడలేదు. తాళ్ల బయట నిలబడ్డ మొగుడి కాళ్ల వైపు చూసింది. అవి కదిలాయి.

"ఏవండీ! వద్దండీ!"

ఆ హోరులో వినబడేదెవరికి? హీరో దిగాడంటే తాను ఎక్కాలి. బాలశౌరికి తెలిసిన లోకం అంతే. ఎక్కాడు. దూకాడు. సొంత జట్టువాడి పొట్ట మీద మెడ మడతపడేలా పడ్డాడు. హనుమంతు 'హబ్బా' అన్నది మాత్రం నటన కాదు. రెఫరీ చాప కొట్టి లెక్కపెట్టి, కుర్చీ దగ్గరికి వెళ్లి, రసం గ్లాసు లేని చెయ్యి చూసి పైకెత్తాడు. మొరటు సోదరులు ఓడిపోయారు.

"గిదేందన్నా! మనది ఒక్క జట్టు గదనే! నా మీద దుంకుతవేంది?" అన్నాడు హనుమంతు, ఊపిరి తిరిగాక.

"అలవాటురా తమ్ముడూ" అన్నాడు బాలశౌరి. తల ఒక పక్కకు ఒరిగిపోయింది. ఎడమ చెయ్యి పైకి లేవలేదు.

మర్నాడు పత్రికల్లో రణధీర్ ఆకాశయానం గురించి పెద్దక్షరాల్లో వచ్చింది. డాక్టరు బాలశౌరి మెడకు పట్టీ వేయమన్నాడు. పరబ్రహ్మం గారి కంపెనీ మేనేజరు న్యాయంగా ఆలోచించాడు. దూకినవాడికి కదా మెడ పట్టెయ్యాలి? దూకింది రణధీర్ అని లోకమంతా ఎరుగును. కనక పట్టీ రణధీర్ మెడకు వేశారు. బాలశౌరికి కొత్త తువ్వాలు ఇచ్చారు, చుట్టుకోమని. పట్టీతో రణధీర్ ఫొటో చూసి అభిమానులు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఫిలింనగర్ గుడి మెట్లు మోకాళ్ల మీద ఎక్కారు.

"పాపం కరుణా, ఆ పోరడు గంత మీదికెల్లి దుంకిండు, మెడ పోయిందట" అంది భూలక్ష్మి, గుమ్మంలో చతికిలబడి.

"దూకింది మా ఆయన అక్కా! నువ్వు నా పక్కనే ఉన్నావుగా, చూళ్లేదా?"

"చూసిన." భూలక్ష్మి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "చూసిన గాని, పేపర్ల గట్ల రాలే గద."

కరుణ మళ్లీ ఫిలింనగర్ వెళ్లి పేరున్న పాత్ర సంగతి అడిగింది. పరబ్రహ్మం గారు చలించిపోయారు. "నేను మాట తప్పే మనిషిని కానమ్మా. కాని పేరున్న పాత్రకు డూప్ కావాలి. అంత బాగా దూకేవాడు పరిశ్రమలో మీ ఆయన ఒక్కడే. ఆయన్నే పాత్రలో కూర్చోబెడితే, ఆయన బదులు దూకేదెవరు? నువ్వే చెప్పు!" ఇంతటి ప్రశ్నకు ఏడో తరగతిలో జవాబు చెప్పరు. పైగా పోటీలు ఊరూరా జరపాలని నిర్ణయమైంది. చెయ్యి కాస్త లేస్తే చాలు, మొరటు సోదరులు బయలుదేరాలి.

ఆదివారం చర్చిలో మొగుడి పేరు చెప్పి ప్రార్థన చేయించమని కరుణ పెద్దల్ని బతిమాలింది. ఈ వారం అందరి మనసూ ఒకే మెడ మీద ఉందనీ, రెండో మెడ తెస్తే ఏకాగ్రత చెడుతుందనీ వాళ్లు మృదువుగా చెప్పారు. "సోదరుడు రణధీర్ మెడ కోసం ప్రార్థిద్దాం" అన్నారు వేదిక మీంచి.

కరుణ మోకరించింది. ఆ మెడ ఎవరిదో పైవాడికైనా తెలియకపోదు. పిల్ల ఉలిక్కిపడేంత గట్టిగా, అందరికంటే ముందు "ఆమెన్" అంది. ఎంత అభిమానమో అని పక్కవాళ్లు మెచ్చుకున్నారు. బాలశౌరి మెడకు మొత్తానికి పేరున్న పాత్ర దొరికింది.

బాలశౌరి చెయ్యి లేచింది. వచ్చే పోటీ మీ ఊళ్లోనే. తప్పక రండి. ముందు వరుసలో కూర్చుంటే దూకేది ఎవరో మీకు స్పష్టంగా కనబడుతుంది. ఈల మాత్రం ఎప్పటిలాగే కుర్చీ వైపు తిరిగి వేయండి.