ముసలి బ్రౌజర్‌ను సాగనంపే కమిటీ

రాతలో తప్పులుంటే చదివేవారు మన్నించాలి. మనవరాలి పక్కన కూర్చుని నేర్చుకున్న అక్షరాలివి. ఒత్తులు ఇప్పటికీ ఒక్కోసారి చెప్పిన మాట వినవు. రాయడం కూడా బాగా నిదానం. అయితే ఇందులో చెప్పబోయే కమిటీ కంటే ఈ కథే ముందు ముగిసింది కాబట్టి, నిదానం గురించి మరీ సిగ్గుపడనక్కర్లేదు.

మనిషి కట్టిన వ్యవస్థలన్నిటిలోకీ గొప్పది, దేన్నీ పారెయ్యకుండా చూసే వ్యవస్థ. ఇంట్లో అయితే దాన్ని అటక అంటారు. ఆఫీసులో అయితే కమిటీ అంటారు.

ఈ కథ ఒక కోడలిది. ఆమె ఆఫీసులో వెబ్‌సైట్లు కట్టేవాళ్లకు కావలసిన సరుకంతా ముందే తయారుచేసి పెడతారు. బటన్లు, మెనూలు, పేరూ ఫోన్ నంబరూ నింపే గళ్లు, అన్నీ. కట్టుకునేవాళ్లు వచ్చి పట్టుకెళ్లి అతికించుకుంటారు. ఆ మూటంతటినీ కలిపి టూల్‌కిట్ అంటారు. అది ఏ బ్రౌజర్‌లో తెరిచినా సరిగ్గా కనబడాలి. ఏ బ్రౌజర్‌లో కనబడకపోయినా ఫరవాలేదో తేల్చడానికి మాత్రం ‘కాలం చెల్లిన బ్రౌజర్ల మద్దతు గౌరవప్రద ఉపసంహరణ సంఘం’ అని ఒకటి ఉంది. (‘గౌరవప్రద’ అన్న మాట చేర్చాలా వద్దా అన్నదానికే మొదటి ఏడాది సరిపోయింది.)

సంఘం ముందున్న బ్రౌజర్ ఒక్కటే. ఆఫీసంతా దాన్ని తాతయ్య అనేవారు. తయారుచేసినవాళ్లే దాన్ని వదిలేసి చాలా కాలమైంది. గుండ్రటి బటన్ ఇస్తే పలకలా చూపిస్తుంది. మెనూ నొక్కితే కాసేపు ఆలోచించుకుని తెరుస్తుంది. దానికోసం ప్రతి కొత్త సరుకుకీ అతుకులు వెయ్యాలి. అతుకులు వేసి, రోజూ తాతయ్యను తెరిచి, పేజీలన్నీ తిప్పి చూసి, ‘క్షేమం’ అని పైకి రాసి పంపడమే కోడలి ఉద్యోగం.

ఆమెకు కావలసింది బదిలీ. భర్తా, ఐదేళ్ల కూతురూ, అత్తగారూ ఒక ఊళ్లో. తను ఇంకో ఊళ్లో, ఆఫీసు వెనక అద్దె గదిలో. తాతయ్యకు మద్దతు తీసేసిన మర్నాడే ఇంటికి దగ్గరలో వేస్తామని పైవాళ్లు మాటిచ్చారు. ఆ సంగతి పిల్లకు కూడా తెలుసు. సాయంత్రం ఫోన్ చేస్తే అది అన్నం తిన్నావా అని అడగదు.

“అమ్మా, తాతయ్య పోయాడా?”

“ఇంకా లేదు బంగారం. వచ్చే నెల కచ్చితంగా పోతాడు. కమిటీ కూర్చుంటోంది.”

కిరాణా కొట్టు లైన్లో ముందు నిలబడ్డావిడ వెనక్కి తిరిగి కోడలిని కిందినుంచి పైదాకా చూసి, తన సంచీ దగ్గరకు లాక్కుంది.

నియమం చాలా సులువైనది. వాడేవాడు ఒక్కడూ లేకపోతే మద్దతు తీసెయ్యొచ్చు. ఒక్కడున్నా తియ్యకూడదు. ఏ పేజీని ఎవరు ఏ బ్రౌజర్‌లో తెరిచారో లెక్క వస్తుంది. దాన్ని చూసే పెద్దమనిషిని లెక్కలాయన అంటారు. ప్రతి సమావేశంలో అధ్యక్షుడు గొంతు సవరించుకుని “ఎవరైనా ఉన్నారా?” అని అడుగుతాడు. లెక్కలాయన లేచి నిలబడి “ఒకరున్నారు సార్” అంటాడు. అందరూ టీ తాగి లేస్తారు.

ఆ ఒక్కరంటే లెక్కలాయనకు ప్రాణం. “ఎంత క్రమశిక్షణో చూడండి. పొద్దున్నే వస్తాడు. ప్రతి పేజీ తెరుస్తాడు, ఒక్కటి వదలడు. మధ్యాహ్నం భోజనానికి లేస్తాడు. ఆదివారాలు రాడు, కుటుంబం ఉన్నవాడై ఉంటాడు. ఇలాంటి యూజర్ ఈ రోజుల్లో దొరుకుతాడా?” అని మురిసిపోయేవాడు.

కోడలికి మాత్రం అతని పేరెత్తితే ఒళ్లు మండేది. “ఎవడో ఆ మహానుభావుడు, ఒక కొత్త కంప్యూటర్ కొనుక్కుని చావచ్చుగా. వాడి మొండితనానికి నా కాపురం ఇలా తగలడింది” అని అత్తగారితో ఫోన్లో వాపోయేది. అత్తగారు కూడా ఆ మనిషిని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది.

ఇంతలో పిల్లకు జ్వరం వచ్చింది. కోడలు సెలవు పెట్టి ఊరెళ్లి, జ్వరం తగ్గేదాకా ఉండి, తిరిగొచ్చేసరికి లెక్కలాయన ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు.

“ఏమైంది సార్?”

“మన యూజరమ్మా. మీరు వెళ్లిన రోజునుంచీ కనబడ్డమే లేదు. ఒంట్లో బాగోలేదేమో పాపం. ఫోన్ నంబరైనా తెలియదు, పలకరిద్దామంటే.” ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అంతలో తెర మీద చూసి ఎగిరి గంతేశాడు. “వచ్చాడు! ఇప్పుడే వచ్చాడు! మీ కాలు మంచిదమ్మా!”

కోడలు అప్పుడే తాతయ్యను తెరిచింది. చేతిని మౌస్ మీద నుంచి తీసింది. మళ్లీ పెట్టింది. మరో పేజీ నొక్కింది. “రెండో పేజీకి వెళ్లాడు!” అన్నాడు లెక్కలాయన, పక్క బల్ల దగ్గరనుంచి.

మూడో పేజీ నొక్కాల్సిన అవసరం లేకపోయింది. ఇన్నాళ్లూ తను తిట్టుకున్న మహానుభావుడు తనే.

ఆమె ఆనందానికి పట్టపగ్గాల్లేవు. సమావేశం వేయించింది. సంగతంతా చెప్పింది. “కాబట్టి వాడేవాళ్లు ఎవరూ లేరు సార్. ఇక తీసెయ్యొచ్చు” అంది.

అధ్యక్షుడు నియమాల కాగితం ముందుకు లాక్కున్నాడు. “అంటే మీరు వాడుతున్నారన్నమాట.”

“వాడట్లేదు సార్, పరీక్షిస్తున్నాను.”

“తెరిచారా?”

“తెరిచాను.”

“పేజీలు చూశారా?”

“చూశాను.”

“వాడటమంటే ఇంకేముంటుందమ్మా?”

“అయితే రేపటినుంచి తెరవను.”

“మద్దతు ఉన్నంతకాలం రోజూ పరీక్షించి తీరాలి. అది నియమం. మీరు మానేస్తే నియమం తప్పినట్టు.”

“తీసేస్తే పరీక్షించక్కర్లేదు కదా సార్?”

“వాడేవాళ్లుండగా ఎలా తీస్తాం?”

కోడలికి పట్టుదల పెరిగింది. “సరే సార్. నేనే యూజర్‌ని. నేనే చెబుతున్నాను. నాకీ బ్రౌజర్ వద్దు. ఇది చెత్త. ఇది నా జీవితం నాశనం చేసింది. తీసెయ్యండి.”

సంఘం పుట్టాక ఒక వినియోగదారు స్వయంగా వచ్చి మాట్లాడటం అదే మొదలు. అధ్యక్షుడు నిజంగానే చలించిపోయాడు. “విన్నారా? మన వినియోగదారులందరూ, ఒక్కరు కూడా మిగలకుండా, అసంతృప్తితో ఉన్నారు. ఇలాంటి సమయంలో వాళ్లను వదిలేస్తామా? సేవ మెరుగుపరచాలి” అన్నాడు. అక్కడికక్కడే ఇంకో పరీక్షకుణ్ణి నియమించారు.

మరుసటి నెల లెక్కలాయన లేచి, తాతయ్య వాడకం నూటికి నూరు శాతం పెరిగిందని ప్రకటించాడు. ఆఫీసులో ఇంత వేగంగా పెరుగుతున్న బ్రౌజర్ మరొకటి లేదు. చప్పట్లు కొట్టారు. కోడలిని ఆ విభాగానికి పెద్దను చేశారు. (జీతం అదే. కుర్చీకి చేతులు వచ్చాయి.) ఆ ఉత్సాహంలోనే సంఘం కొత్త నియమం పెట్టింది: ఏ ఊళ్లోనైనా తాతయ్యను వాడేవాళ్లు ఇద్దరుంటే, అక్కడ సేవాకేంద్రం తెరవాలి, విభాగం పెద్ద స్వయంగా వెళ్లి నడపాలి.

కోడలు ఆ నియమాన్ని రెండోసారి చదివించుకుని, వసారాలోకి వెళ్లి ఇంటికి ఫోన్ చేసింది.

“ఏవండీ, మన పాత కంప్యూటర్ పనిచేస్తోందా?”

“పాప బొమ్మలకు మంచంగా పనిచేస్తోంది. ఏం?”

“బొమ్మల్ని దింపి అందులో తాతయ్యను పెట్టండి. రోజూ తెరవండి.”

“అదేంటి! వాడు పోవాలని కదా ఇన్నాళ్లూ ఏడుస్తున్నావు?”

“వాడు పోడండీ. నేనే వస్తాను. అత్తయ్యకివ్వండి ఫోను.”

అత్తగారు తీసుకుంది. “చెప్పమ్మా.”

“అత్తయ్యా, మీరూ రోజూ ఒక్కసారి తెరవాలి. వేరేగా, మీ పేరు మీద.”

“తెరిచి?”

“ఏం లేదు. కాసేపు చూసి మూసెయ్యండి.”

“చూడ్డానికేముందే అందులో?”

“ఏమీ లేదత్తయ్యా. ఉంటే చూసేవాళ్లు వేరే ఉండేవాళ్లు.”

నెల తిరక్కుండా ఆ ఊళ్లో సేవాకేంద్రం వెలిసింది. ఒక గది, ఒక బల్ల, చేతులున్న కుర్చీ. కోడలు ఇంటికొచ్చేసింది. పిల్ల ఇప్పుడు తల్లి ఒళ్లో కూర్చుని పలకల్లాంటి బటన్లు నొక్కుతుంది, అదీ లెక్కలోకి వెళుతుంది. పెరుగుతున్న ఆదరణ దృష్ట్యా సంఘం తాతయ్య మద్దతును ఇంకో పదేళ్లు పొడిగించింది. వాడేవాళ్లలో ప్రతి ఒక్కరూ అది పోతే బాగుండునని కోరుకుంటున్నవాళ్లేనని లెక్కలాయనకు తెలుసు. కానీ నివేదికలో ‘ఎంతమంది’ అని మాత్రమే గడి ఉంది, ‘ఎందుకు’ అని లేదు.

ఇట్లు,
నానమ్మ (ఈ పిలుపు మనవరాలు మొదలుపెట్టింది, వీధంతా అందుకుంది),
అరవై ఎనిమిదేళ్లు,
ప్రస్తుతం ఉండేది కొడుకూ కోడలూ ఉండే ఇంట్లో, పాత కంప్యూటర్ ఉన్న గదిలో.