దేవకమ్మ కుంటలో పడవ

బుధవారం పొద్దున్నే నారాయణ తలస్నానం చేసి, నామం పెట్టుకుని, పడవ లైసెన్సు తీసుకుని మధ్యాహ్నం భోజనానికల్లా వడమాలపేటకు తిరిగి రావాలని బయలుదేరాడు. రెండు పాడి ఆవులను అమ్మి కొన్న పడవ అది. స్వామివారి నెల అని చేపల జోలికి ఎవరూ పోని పెరటాసి ఇంకో పది రోజుల్లో ముగుస్తుంది. ఆలోగా లైసెన్సు వస్తేనే ఈ ఏడు ఊరి దగ్గరి జలాశయంలో చేపలు పట్టనిస్తారు.

తిరుపతి మత్స్యశాఖ ఆఫీసులో లైసెన్సులిచ్చే జయరావు సారు ఫీజు చలానా చూసి, పడవ నీళ్ళలో తేలుతుండగా తాను కళ్ళారా చూడాలన్నాడు. జలాశయానికి రమ్మంటే, లైసెన్సు లేని పడవ అందులో దిగితే జప్తు చేస్తారనీ ఆయనే చెప్పాడు. తేలడం చూడాలనడం సబబే. లైసెన్సు లేనిది దిగకూడదనడమూ సబబే. రెండు సబబులూ ఒకే మనిషి మీద పడితే అతను ఎక్కడికి పోవాలో మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

స్వర్ణముఖి ఏట్లో మోకాలి లోతు నీళ్ళు కూడా లేవు. చివరికి అక్క దేవకమ్మ టమోటా తోటలోని సేద్యపు కుంట గుర్తొచ్చింది.

"పెరటాసిలో చేపల పడవ నా నీళ్ళలోకా? నీకు బుద్ధి యాడికి పోయిందిరా?" అంది దేవకమ్మ.

"కొత్తదక్కా. ఇంతవరకు చేపను సూడనే లేదు."

ఆ మాటకు ఆమె మెత్తబడింది. కుంట నిండాలని రెండు రోజులు తోటకు నీళ్ళు ఆపింది. టమోటాలు వాడిపోయాయి. ట్రాక్టరు మీద వస్తున్న పడవను తెప్పోత్సవానిదనుకుని దారిలో ఇద్దరు కొబ్బరికాయలు కొట్టారు. దాంతో ఊరు ఊరంతా కుంట దగ్గరికి చేరింది.

శనివారం జయరావు వచ్చేసరికి జనం చెప్పులు విడిచి నిలబడి ఉన్నారు. ఆయనా విడిచాడు. నారాయణ ఒక్క తెడ్డు వేయగానే పడవ అవతలి గట్టుకు తగిలింది. జయరావు తేలుతున్నదని రాసుకుని, ప్రసాదం తీసుకుని వెళ్ళాడు.

పెరటాసి ముగిసే ముందురోజు లైసెన్సు వచ్చింది. నారాయణ కళ్ళకద్దుకుని చదివాడు. చేపలు పట్టవలసిన చోటు: దేవకమ్మ సేద్యపు కుంట.

పరుగున తిరుపతి వెళ్ళాడు.

"కుంటలో చేపలు యాడుంటాయి సారూ?"

"నేను పడవను చూసింది ఆడే కదప్పా. చూడని చోటు ఎట్లా రాసేది?"

"అయితే జలాశయానికొచ్చి సూడండి."

"ఆడ దింపినావంటే జప్తు చేస్తారు. లైసెన్సు కుంటకు కదా ఇచ్చింది."

తిరిగొచ్చేసరికి దేవకమ్మ కుంట గట్టు మీద కాచుకుని ఉంది.

"నీ పడవ కోసం నీళ్ళు ఆపి తోట ఎండిపోతా ఉండాది. నీ పడవను ఎత్తుకుపోరా."

"యాడికక్కా? దీనికి ఈడ తప్ప యాడా లైసెన్సు లేదు."

పట్టిన చేపల లెక్క నెలనెలా పంపాలని లైసెన్సు వెనక ఉంది. నారాయణ తప్పకుండా సున్నా రాసి పంపుతున్నాడు. దేవకమ్మ టమోటాలకు నీళ్ళు పెట్టిన రోజు కుంట అడుగంటి పడవ తేలడం కూడా లేదు.