గేర్‌బాక్సు మూత చేసిన ద్రోహం

విమాన విడిభాగాల మరమ్మతు పరిశోధనలో మా సంస్థ అగ్రస్థానానికి చేరిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఇంతవరకూ ఒక్క విడిభాగాన్ని కూడా మరమ్మతు చేయకుండానే ఈ ఘనత సాధించామని సవినయంగా మనవి చేస్తున్నాం.

విషయం చాలా తేలిక. అరిగిపోయిన భాగం మీదికి లోహపు పొడిని ధ్వని కంటే వేగంగా కొట్టాలి. పొడి కరగదు. గుద్దుకున్న ఊపుకే అతుక్కుపోతుంది, గుంట పూడిపోతుంది. ఈ పని చేసే యంత్రం మా దగ్గరే ఉంది. ప్రారంభోత్సవం నాడు కప్పిన ప్లాస్టిక్ ముసుగు ఇప్పటికీ దాని మీదే ఉంది, రిబ్బను ముక్కతో సహా. దాన్ని చూసుకోవడానికి ఒక మేస్త్రి ఉన్నారు. వారం వారం ముసుగు మీద దుమ్ము దులిపి, "యంత్రం వాడలేదు, కనుక చెడలేదు" అని రిజిస్టరులో రాసి సంతకం పెడతారు.

పక్క గదిలో మా పరిశోధకుడు. ఆయన్ని అందరూ రేణువుబాబు అంటారు. పొడిలోని ఒకే ఒక్క రేణువు వెళ్ళి లోహాన్ని గుద్దుకుంటే ఏమవుతుందో కంప్యూటర్లో సిమ్యులేషన్ చేసి చూడడం ఆయన డాక్టరేటు పని. ఒక్క మరమ్మతుకి కోట్ల రేణువులు కావాలి కదా అంటారేమో. తొందరపడకండి, బాబు ఇంకా మొదటిదాని మీదే ఉన్నారు. మొదటి ఏడాది రేణువు గుండ్రంగా ఉంటుందా అని చర్చించారు. రెండో ఏడాది ఉంటుందని తేల్చారు. మూడో ఏడాది ఆయనకి గైడు అయిన ప్రొఫెసరుగారు మనసు మార్చుకున్నారు. కంప్యూటర్లు వేడెక్కకూడదని ఆ గదిని మంచుగడ్డలా ఉంచుతారు గనక, పాపం బాబు మండుటెండల్లో కూడా మఫ్లరు చుట్టుకునే పనిచేశారు.

పొడి చిమ్మే గొట్టానికీ భాగానికీ మధ్య ఎంత దూరం ఉండాలో లెక్కకి కావలసి వచ్చింది. ముసుగు తీసి కొలవాలంటే ముగ్గురి సంతకాలుండాలి. ఆ ముగ్గురూ ఒకే రోజు ఆఫీసుకి వచ్చిన దాఖలా లేదు. అందుకని బాబు యంత్రం కేటలాగులోని ఫొటో మీద స్కేలు పెట్టి కొలిచారు. లెక్కగడితే జానెడు తేలింది.

"జానెడేంటి బాబూ, రెండు వేళ్ళ దూరం చాలు," అన్నారు మేస్త్రి గుమ్మంలోంచి తొంగిచూసి.

మేస్త్రి నోటిమాటని ఆధారగ్రంథాల పట్టికలో ఎక్కడ చేర్చాలో ఎవరికీ తెలియలేదు. కాబట్టి వదిలేశారు.

ఎనిమిదో ఏట ఫలితం వచ్చింది. రేణువు అతుక్కోదు, జారి కింద పడుతుంది. మూడు వందల పేజీల్లో పడుతుంది. ప్రొఫెసరుగారు పొంగిపోయారు. బాబు డాక్టరేటు గడువు ఆ నెలాఖరుకి ముగుస్తుంది, ఆలోగా పట్టా రాకపోతే ఎనిమిదేళ్ళూ గంగలో కలిసినట్టే. ఇంట్లో భార్య అప్పటికే తేల్చి చెప్పింది. "ఏమండీ, అబ్బాయి మూడో తరగతికొచ్చాడు, మీరు ఒకటో రేణువు దాటలేదు. ఈసారి కూడా తప్పితే వాడి పక్కనే మీకూ బెంచీ వేయిస్తా."

అంతలో బయటి పరీక్షకుడి నుంచి ఉత్తరం. నిజమైన భాగం ఒకటి మరమ్మతు చేసి చూపాలట. లెక్కతో సరిపోతేనే పట్టా అట.

భాగానికి లోటు లేదు. ఎనిమిదేళ్ళ కిందట విమానాల వర్క్‌షాపు వాళ్ళు "అర్జెంటు" చీటీ కట్టి పంపిన, అరిగి గుంటపడిన గేర్‌బాక్సు మూత ఒకటుంది. తలుపు కొట్టుకోకుండా దాన్నే అడ్డం పెట్టుకుంటున్నాం. బాబు దాన్ని చంకన పెట్టుకుని పరుగెత్తారు.

"మేస్త్రీ, నా బతుకు మీ చేతుల్లో ఉంది. ఒక్కసారి కొట్టిపెట్టండి!"

"ఈ మాట కోసమే ఎనిమిదేళ్ళుగా చూస్తున్నా బాబూ," అంటూ మేస్త్రి ముసుగు లాగిపారేశారు. పొడి ఆరబెట్టారు. రెండు వేళ్ళ దూరం పట్టి నాలుగు నిమిషాలు కొట్టారు. తర్వాత సుత్తితో ఠంగుమని మోదారు. పిసరంత కూడా రాలలేదు. "గుంట ఎక్కడుందో కనిపెట్టండి చూద్దాం!" అన్న మేస్త్రి కళ్ళలో ఆనందబాష్పాలు. బాబు కూడా గొల్లుమన్నారు. లెక్క ప్రకారం అది అతుక్కోకూడదు మరి.

డాక్టరేటు కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. ప్రొఫెసరుగారు లేచి నిలబడ్డారు. "మిత్రులారా! అతుక్కోవడానికేం, ఏదైనా అతుక్కుంటుంది. ఏ అధికారంతో అతుక్కుంది? ఎనిమిదేళ్ళ శాస్త్రాన్ని నాలుగు నిమిషాల్లో ధిక్కరించిన ఈ మూతని క్షమిస్తే రేపు ప్రతి మూతా ఇలాగే తయారవుతుంది!"

మూతని లెక్కకి అనుగుణంగా సరిదిద్దాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ పని కూడా మేస్త్రికే అప్పగించారు. వేసిన పూతని గీకడానికి రెండు రోజులు పట్టింది, మూడు గ్రైండింగు చక్రాలు అరిగిపోయాయి. "ఎందుకయ్యా అంత గట్టిగా అతికించావు?" అని ప్రొఫెసరుగారు కసురుకున్నారు. సొంత పనిని సొంత చేత్తో గీకి, మేస్త్రి రాలిన పొడిని ఊడ్చి ఎత్తారు. సాయంత్రానికి, అనుమతి లేకుండా ముసుగు తీసినందుకు మెమో కూడా ఇచ్చారు.

పరీక్షకుడు వచ్చి భూతద్దం పెట్టి చూశారు. మూత మీద ఒక్క రేణువు లేదు. నూటికి నూరు శాతం లెక్కతో సరిపోయింది. ఇంతటి ఖచ్చితత్వం తన జన్మలో చూడలేదని రాసి, అక్కడికక్కడే సంతకం చేశారు. మూత మళ్ళీ తలుపు దగ్గరికి చేరింది.

డాక్టర్ రేణువుబాబుగారి అభినందన సభ మొన్ననే వైభవంగా జరిగింది. ప్రొఫెసరుగారి ఉపన్యాసం మంచి పట్టుమీదుండగా మైకు మూగబోయింది. మేస్త్రి వెనక నుంచి వంగి వంగి వచ్చి, వైరు విప్పి, ఏదో మెలిపెట్టి, అర నిమిషంలో బాగుచేసి, ఎవరికీ అడ్డు రాకుండా వంగే వెళ్ళిపోయారు. ప్రొఫెసరుగారి గొంతు మళ్ళీ వినపడగానే హాలంతా చప్పట్లు మోగాయి. ప్రొఫెసరుగారికి.

రెండో వరసలో మీరు కూడా కొట్టారు. నేను చూశాను.