రాగిసంకటితో అంటించిన రికార్డులు

గ్రామఫోను మీద రికార్డు తిరుగుతుండగా తన బిడ్డ ఎక్కడ ఏడుస్తాడో అన్నదే కదిరమ్మకు లోకంలో అన్నిటికంటే పెద్ద భయం. కరువుకు కూడా ఆమె అంత భయపడదు. కరువొస్తే ఊరందరికీ వస్తుంది, ఇంటి యజమాని యేసన్న సార్ పని మానిపిస్తే కూడు తనొక్కతెకే పోతుంది. పాట నడుమ గిన్నె చప్పుడు చేసినందుకు ఒక పనామెను, దగ్గినందుకు ఇంకొకామెను ఆయన ఇదివరకే పంపేశాడు. మగడు బెంగుళూరుకు మట్టిపనికి పోయి మూడు నెలలైంది. తొమ్మిది నెలల జయరాముణ్ణి చంకన వేసుకొని పనికి రానిచ్చే ఇల్లు గోరంట్లలో ఇదొక్కటే.

సార్ మిషను బడిలో పాటలు నేర్పి రిటైరైన మనిషి. ఆయనా, పశువుల డాక్టరు ఈశ్వరప్పా కలిసి, తన దేశానికి వెళ్లిపోతున్న ఒక దొరసాని దగ్గర రెండు లక్క రికార్డులు కొన్నారు. రెండింటికీ నడుమ ఒకవైపే చీటీ, రెండింటిలోనూ ఒకటే పాట, పెద్దగా ఎవరూ వాయించనిది. ఒకడు పియానో వాయిస్తుంటే వెనక నలభైమంది మేళం. పియానో మీది చేతులే వేరు. సార్ మెచ్చే ఎర్రచీటీ రికార్డులోని వాడు నిండుకుండ నెత్తిన పెట్టుకొని నడిచినట్టు వాయిస్తాడు. డాక్టరు మెచ్చే నీలంచీటీవాడిది రేకుల మీద వడగండ్ల వాన. ఎర్రచీటీకి జయరాముడు నిద్రపోతాడు, నీలంచీటీకి గుక్కపట్టి ఏడుస్తాడు. అందుకే సార్ నీలంచీటీ బయటికి తీయగానే కదిరమ్మ బిడ్డనెత్తుకొని పెరటి గోడ అవతల ఎండలో నిలబడేది.

ఆ రెండు రికార్డుల మీద స్నేహితులిద్దరికీ ఆరేళ్లుగా జగడమే.

"పియానో ఒక మాట అడిగితే మేళం జవాబు చెప్పల్ల. నీవాడు జవాబుకు ఆగడు గదప్పా!" అనేవాడు సార్.

"మీవాడు అడిగి నిద్రపోతాడు సార్, మేళమొచ్చి లేపల్ల!" అనేవాడు డాక్టరు.

ఆ ఆదివారంతో జగడం తీరిపోవాలి. డాక్టరుకు మడకశిర బదిలీ అయింది. పదిగంటలకు వచ్చి, రెండూ చివరిసారి విని, తన నీలంచీటీ తాను పట్టుకొని బస్సెక్కుతాడు. ఏడిపించే రికార్డు ఇక ఈ ఇంట్లో ఉండదు. తలచుకుంటేనే కదిరమ్మకు గుండె తేలికైంది.

"దుమ్ము పట్టినాయి, కాస్త తుడువమ్మా," అని సార్ పొద్దున్నే చర్చికి పోయాడు. ఆ సంతోషంలో కదిరమ్మ తుడవడంతో ఆగలేదు. బిడ్డకు పోసిన నీళ్లు పారబోయడమెందుకని రెండు రికార్డులనూ అదే తొట్టిలో నానబెట్టింది. కుంకుడు రసంతో రుద్దింది. నడుమ బెజ్జం ఉంది కదా అని దండెం తాడుకు గుచ్చి నీడన ఆరేసింది. వెనక్కి తిరిగి చూస్తే తొట్టిలో రెండు చీటీలు తేలుతున్నాయి.

చప్పున రెండు చీటీలూ ఏరి తీసింది. రెండు రికార్డులూ ఒకటే నలుపు. ఏది ఎవరిదో ఎవరిని అడగాలి? చివరికి రెండూ బిడ్డ ముందు పెట్టింది. వాడు ఒకదాన్ని నాకాడు. వాడికి ఇష్టమైంది అదేలే అనుకొని దానికి ఎర్రచీటీ, రెండోదానికి నీలంచీటీ, మిగిలిన రాగిసంకటి మెదిపి అంటించింది.

పదిగంటలకు సార్ గ్రామఫోనుకు చావి తిప్పి ఎర్రచీటీ పెట్టాడు. వడగండ్లు కురిశాయి. జయరాముడు గుక్కపట్టాడు. కదిరమ్మ వాడి మొహాన్ని రొమ్ముకు అదుముకుంది.

"వీడేంది, దీనికి ఎప్పుడూ ఏడవడే!" అని సార్ చీటీ వైపు వంగాడు.

"క... కడిగినా సార్."

"కడిగినావా!"

"అదీ సంగతి! దుమ్ము పోయి చెయ్యి తేలికైనట్టుండాది," అంటూ డాక్టరు ముందుకు జరిగాడు. "మీవాడు ఇంత హుషారని ఇన్నేండ్లూ చెప్పకపోతిరే సార్!"

సార్ దాన్ని తీసి నీలంచీటీ పెట్టాడు. పియానో ఒక మాట అడిగింది. ఆగింది. మేళం మెల్లగా జవాబు చెప్పింది. బిడ్డ వెక్కిళ్లు సన్నగిల్లాయి, కళ్లు మూతపడ్డాయి. సార్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆగినాడప్పా! నీవాడు జవాబుకు ఆగినాడు! నేనే ఎప్పుడూ సరిగ్గా ఇనలేదు."

చెప్పేద్దామని కదిరమ్మ నోరు తెరిచింది. "సార్, అది..."

"ఉండమ్మా! నడుమ భాగం వస్తాండాది!"

పాట అయిపోయాక డాక్టరు చూపు ఎర్రచీటీ మీదే నిలిచింది. "ఏమీ అనుకోకపోతే... మార్చుకుందామా సార్?"

ఆయన అడగడమే ఆలస్యం, సార్ ఎర్రచీటీని కాగితంలో చుట్టేసి ఆయన చేతిలో పెట్టాడు. వడగండ్ల రికార్డు మడకశిర బస్సెక్కింది. నిద్రపుచ్చేది ఇంట్లోనే నిలిచింది. కదిరమ్మ ఆ పూట మొదటిసారి నిండా ఊపిరి పీల్చుకుంది.

ఐదు వారాల తర్వాత డాక్టరు ఉత్తరం వచ్చింది. సార్ గట్టిగా చదివాడు. "ఈ వాయించేవాడి ధోరణి నాకు మొదటినుంచీ తెలిసినట్టే ఉంది సార్. ఎందుకో అంతుపట్టడం లేదు. వచ్చే ఆదివారం రికార్డు తెస్తాను. రెండూ పక్కపక్కన పెట్టుకొని నిదానంగా విందాం."

కదిరమ్మకు అప్పటినుంచి ముద్ద దిగడం లేదు. కాబట్టి అమ్మా, అయ్యా, మీలో ఎవరైనా మడకశిర పోయేవారుంటే, పశువుల ఆసుపత్రిలో డాక్టరు ఈశ్వరప్ప ఎలా ఉన్నాడో ఒకసారి చూసి రండి. కులాసాగా ఉంటే, అక్కడే ఉండమని చెప్పండి.