చెడనని మొండికేసిన నూనె

నవ్వకూడదు, ముందే చెబుతున్నాను. మీరు నవ్వితే నాకూ నవ్వొస్తుంది, నేను నవ్వితే ఇదేదో వేళాకోళం కథ అనుకుంటారు. వేళాకోళం చెయ్యబోయి నేను బోర్లా పడ్డ కథ ఇది.

మా ఇంట్లో లారీ ఒకటి, మనుషులం ఇద్దరం. లారీని నడిపేది నేను, నన్ను నడిపేది మా ఆవిడ. లోడ్లు మాట్లాడేది తనే, ఏ టైరు ఎప్పుడు మార్చాలో చెప్పేది తనే, కాగితాల్లో ఓనరూ తనే. అందుకే ఓనరమ్మా అని పిలుస్తాను. మొదట్లో అలా పిలిస్తే కోపం వచ్చేది. ఇప్పుడు పిలవకపోతే వస్తుంది.

సిమెంటు కంపెనీ వాళ్ళ లోడు ఒకటి పర్మనెంటుగా ఉండేది మాకు. పొద్దున ఎక్కించుకుని బయల్దేరితే, మర్నాడో ఆ మర్నాడో ఇంటికొచ్చే రూటు. వచ్చి స్నానం చేసి, తిని, పడుకుని, లేచి మళ్ళీ పోవడమే. లారీ రోజంతా ఇంటి ముందు ఆగేది ఒక్క సందర్భంలోనే. ఇంజను నూనె మార్చేటప్పుడు.

ఆ పని నాదే. కింద దూరి ఇంజను అడుగున ఉండే బిరడా విప్పి, పాత నూనె బొట్టుబొట్టుగా కారే వరకూ ఆగి, ఫిల్టరు మార్చి, కొత్త నూనె పోయాలి. ఇందులో కష్టమేం లేదు. కష్టమంతా ఆ కారే టైములో ఉంది.

"ఏమండీ, నూనె కారేలోపు ఆ కుళాయి చూడండి."

కుళాయి చూసేవాణ్ణి.

"నూనె కారేలోపు ఫ్యాను తుడవండి."

తుడిచేవాణ్ణి.

"నూనె కారేలోపు ఈ బీరువా ఆ గోడకి జరపండి."

జరిపేవాణ్ణి. వచ్చే నెల ఆ గోడ నుంచి మళ్ళీ ఈ గోడకి. లారీకి ఒక రూటు, బీరువాకి ఒక రూటు. రెండింటికీ డ్రైవర్ని నేనే.

"ఓనరమ్మా, ఇంజన్లో నూనె ఎంత ఉందో నీకు తెలుసా? ఈపాటికి సముద్రం కూడా కారిపోయేది."

"అయితే ఇంకో పని చెప్పే టైముందన్నమాట. కిటికీ గడియ పడటం లేదు."

ఇలా ఉండగా నూనెల కంపెనీ సేల్సుమాన్ ఒకడు లారీ స్టాండులో తగిలాడు. మాట తియ్యగా ఉండటంతో వాడికి తేనెనోరు అని పేరు పెట్టాం. "అన్నా, ఇది సింథటిక్ నూనె. మామూలు నూనె వేడికి త్వరగా నీరసపడిపోతుంది. ఇది గట్టిది. ఒకసారి పోస్తే చాలా దూరం మార్చక్కర్లేదు" అన్నాడు.

నా చెవిలో గంటలు మోగాయి. నూనె మార్చక్కర్లేదంటే కుళాయి లేదు, ఫ్యాను లేదు, బీరువా పక్షవాతం వచ్చినట్టు ఒకే గోడకి పడుంటుంది.

తేనెనోరుని ఇంటికి తీసుకొచ్చి ఆవిడ ముందు కూర్చోబెట్టాను. డబ్బా ఖరీదు విని ఆవిడ, "ఇందులో నూనేనా, అత్తరా?" అంది.

"ఖరీదు కాదు చూడాల్సింది. లారీ ఆగదు. ఆగకపోతే లోడ్లు. నీ కోసమే కదా ఇదంతా" అన్నాను. నా గొంతులో భక్తికి నాకే ముచ్చటేసింది.

ఆవిడ నా వంక కాసేపు చూసింది. ఆ చూపేంటో నాకప్పుడు అర్థం కాలేదు.

తేనెనోరు ఉండబట్టలేక అసలు సంగతీ చెప్పాడు. "కాకపోతే అక్కా, గుడ్డిగా తిప్పకూడదు. అప్పుడప్పుడూ చిన్న సీసాలో నూనె తీసి ల్యాబుకి పంపాలి. బాగుందంటే అదే నూనె. చెడిందంటే మార్చాలి."

"మనిషికి రక్తపరీక్షలాగా?"

"అచ్చం అంతే."

"సరే. అయితే ల్యాబు ఏమంటే అదే. ఈయన మాటా వద్దు, నా మాటా వద్దు."

మొదటి నెల రాజాలా తిరిగాను. కుళాయి ఏడ్చినా వినపడనంత దూరంలో ఉన్నాను. గొంతు మార్చి ఇంటికి ఫోను చేసి, "అమ్మా, ఏనుగుల్ని ఎక్కించాలి, మీ లారీ పంపుతారా?" అని అడిగాను.

"పంపుతాం. ఏనుగుని ముందు కూర్చోబెట్టి మా ఆయన్ని వెనక ఎక్కించండి, బరువు సరిపోతుంది" అని పెట్టేసింది. స్టాండులో అందరికీ చెప్పుకుని నవ్వాను.

లారీ ఆగదన్నాను కదా. ఓనరమ్మ నా మాట పొల్లుపోనీకుండా చేసింది. సిమెంటు దింపగానే ఇటుకలు, ఇటుకలు దింపగానే ఇనుము. ఇంటి దగ్గర లారీ ఆగే రోజే లేకుండా పోయింది. గుమ్మంలో టిఫిన్ డబ్బా అందుకోవడం, "డీజిలు కొట్టించారా?" అంటే "ఆ" అనడం. అంతే సంసారం.

ఒకరోజు ఇంట్లోకి వెళ్తే కుళాయి మాట్లాడటం లేదు. "ఎవరు చేశారు?" అన్నాను. "ప్లంబరు." ఫ్యాను తళతళలాడుతోంది. "ఇది?" "ఎలక్ట్రీషియను." బీరువా ఆ గోడకి ఉంది.

"బీరువా?"

"పక్కింటాయన. పాపం, అడగ్గానే వచ్చాడు."

ఆ బీరువాని చూస్తుంటే నా ప్యాంటు వేరేవాడు తొడుక్కున్నట్టనిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది, నూనె మార్చే రోజుల్లో ఇంకోటి కూడా జరిగేదని. నేను లారీ కింద వెల్లకిలా పడుకుంటే, ఆవిడ బంపరు పక్కన పీట వేసుకుని కూరగాయలు తరుగుతూ మాట్లాడేది. నా ముఖం కనపడదు కనుక నా పాదాలతో మాట్లాడేది. నచ్చితే వేళ్ళు ఆడించేవాణ్ణి. నచ్చకపోతే పాదాలు లోపలికి లాక్కునేవాణ్ణి, ఆవిడ చెప్పు విసిరేది. ఎదురెదురుగా కూర్చుంటే మేం పోట్లాడుకుంటాం. పాదాలతో మాత్రం ఏమేం చెప్పిందో! చిన్నప్పుడు బస్సు కండక్టరు అవ్వాలనుకున్న సంగతి, నేను ఇంట్లో లేనప్పుడు రేడియో మోగుతుంటే తప్ప నిద్రపట్టని సంగతి. ఇవన్నీ నా పాదాలకి తెలుసు. నాకు అప్పుడప్పుడే తెలుస్తున్నాయి.

ఒకరోజు ఇంట్లో ఉంటానని అడిగితే పోయేదిగా అంటారు. నిజమే. కానీ జన్మంతా ఎకసెక్కాలాడిన నోటికి ఆ మాట ఎలా పలకాలో తెలియలేదు. బుర్రకి మాత్రం ఇంకో ఎత్తు తోచింది. నూనె చెడితే మార్చాలి. మారిస్తే లారీ ఇంటి ముందు ఆగుతుంది. కాబట్టి నూనె చెడాలి.

ఆ దిక్కుమాలిన నూనె చెడదే! రెండుసార్లు పంపినా ల్యాబాయన, మేం సీసాల డాక్టరు అంటాం, "చాలా బాగుంది" అనే అన్నాడు. మూడోసారి సీసా నింపాక వంటింట్లోకి దూరి, కాసిన్ని నీళ్ళలో ఉప్పు కలిపి అందులో పోశాను. ఉప్పు ఎందుకంటే, ఉప్పు తగిలితే ఇనుమే చెడుతుంది, నూనె ఎంత అనుకున్నాను. నా చదువు అంత. మూత పెట్టి గిలకొట్టాను. పాలు పోసిన టీ రంగు వచ్చింది. ఇంతకంటే చెడ్డ నూనె ఎక్కడుంటుందని మురిసిపోయి పంపాను.

సిమెంటు ఎక్కించుకుని బయల్దేరబోతుంటే ఆవిడ ఫోను.

"ఇంజను ఆపండి."

"ఏమైంది?"

"ఆపి దిగండి ముందు! ల్యాబాయన ఫోను చేశాడు. నూనెలో నీళ్ళున్నాయట, ఉప్పుకి సంబంధించిందేదో కూడా ఉందట. రేడియేటరు నీళ్ళలోనూ అలాంటిదే ఉంటుందట, అవి లోపల ఇంజన్లోకి దిగుతున్నాయేమో, ఒక్క అడుగు కూడా నడపొద్దన్నాడు."

నేను 'నూనె మార్చండి' అన్న మాట కోసం చూస్తే, ఆయన ఇంజనుకే చావుకబురు చెప్పాడు.

చెబుదామనే నోరు తెరిచాను. ఈలోపు ఆవిడ ఫోను పెట్టేసి, ఆటోలో వచ్చేసింది, వెనకే వాళ్ళ తమ్ముడు. మెకానిక్కు, పేరు రెంచి. చేతిలో రెంచీ లేకుండా వాణ్ణి ఎవరూ చూడలేదు. ఆవిడ ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. నా నోరు దానంతటదే మూసుకుపోయింది.

లోడు వేరే లారీకి మార్చారు. మా లారీని షెడ్డుకి ఈడ్చుకుపోయారు. రెంచి నూనంతా శుభ్రమైన క్యానులోకి దింపి, ఇంజను పైభాగం విప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో బోల్టూ ఊడుతుంటే నాకు పళ్ళు పీకుతున్నట్టుంది.

పోనీ, లారీ ఆగింది కదా, ఆవిడతో కూర్చోవచ్చు కదా అనుకుంటున్నారా? నేనూ అదే అనుకున్నాను.

"మీరు ఇంటికెళ్ళి పడుకోండి. నేనిక్కడే ఉంటాను" అంది.

"నేనూ ఉంటాను."

"వద్దు. ఊపిరాడనివ్వకుండా లోడ్ల మీద లోడ్లు వేసి ఇంజన్ని పాడుచేసింది నేనే. దారి మధ్యలో ఏదన్నా అయ్యుంటే మీరేమయ్యేవారో. వెళ్ళండి."

ఇంజను ఒళ్ళంతా విప్పుకుని షెడ్డులో ఉన్నన్నాళ్ళూ ఆవిడ దాని పక్కనే ఉంది. నేను ఇంట్లో ఒంటరిగా ఉన్నాను. పొద్దుపోక బీరువాని ఈ గోడకి జరిపాను. ఎవరూ చూడలేదు. మళ్ళీ ఆ గోడకి జరిపాను.

చివరికి రెంచి తల గోక్కుంటూ వచ్చాడు. "బావా, ఇంజను అద్దంలా ఉంది. ఎక్కడా చిన్న చీలిక కూడా లేదు. నీళ్ళు దిగుంటే అవి నూనె అడుగున చేరి, బిరడా విప్పగానే ముందు అవే రావాలి. చుక్క రాలేదు."

ఆవిడ క్యానులోంచి స్వయంగా సీసా నింపి పంపింది. జవాబు ఫోనులో వచ్చింది, షెడ్డులో అందరూ వినేలా స్పీకరు పెట్టింది.

"నూనె బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నాడు సీసాల డాక్టరు. "పోయినసారి సీసాలో మిగిలింది మళ్ళీ చూశాను. రేడియేటరు నీళ్ళయితే అందులో కలిపే మందులు కూడా కనపడాలి. అవేమీ లేవు. ఉత్త ఉప్పునీళ్ళు. ఆ సీసా ఎవరు నింపారు?"

రెంచి నన్ను చూశాడు. ఆవిడ నన్ను చూసింది. నేను రేడియేటర్ని చూశాను, అదైనా నేరం ఒప్పుకుంటుందేమోనని.

"ఎందుకు?" అంది ఆవిడ. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"లారీ... ఒకరోజు ఇంటి దగ్గర ఆగుతుందని."

"లారీయా, మీరా?"

"నేనే."

రెంచి పని ఉన్నట్టు నటిస్తూ అవతలికి పోయాడు.

"ఆ మాట అడగడానికి నోరు లేదా? ఇంజను విప్పించాల్సి వచ్చిందా?" అంది. తర్వాత మెల్లగా, "ఇంట్లో ఉండటం ఇష్టం లేకే కదా ఆ నూనె తెచ్చారు. నాకు ఆ రోజే తెలుసు. ఈయనకి రోడ్డే బాగుంది కాబోలు, ఉండనీ అనుకున్నాను. కుళాయికీ ఫ్యానుకీ మనుషులు దొరక్కనా మీకు చెప్పేది?"

ఈసారి ఎకసెక్కం పక్కన పెట్టి అడిగేశాను.

"ఇప్పుడు అడుగుతున్నాను. రేపు ఇంట్లో ఉంటాను. నూనె మారుస్తాను. పాత రకందే పోద్దాం."

"సిమెంటు వాళ్ళు ఆ లోడు వేరే లారీకి ఇచ్చేశారు, ఇక మనకి రాదు. దూరపు లోడు ఒప్పుకున్నాను. వెళ్తే వారాలు పడుతుంది. రేపే బయల్దేరాలి."

"మరి నూనె?"

"బాగుందన్నాడుగా. ల్యాబు ఏమంటే అదే. అదే పోయండి."

కొత్త ఫిల్టరు బిగించి, ఆ నూనెనే నా చేత్తో నేనే తిరిగి ఇంజన్లో పోశాను. కొంచెమైనా నల్లబడిందేమోనని ధార వంక చూస్తూ పోశాను.

అప్పటి నుంచి దూరాలే. ఎప్పుడన్నా ఇటు వస్తే ఇంటి ముందు ఇంజను వేడిగానే ఉంటుంది. పరీక్షకి నూనె వేడి మీదే తీయాలి. సీసా ఇప్పుడు నా చేతికివ్వదు, తనే పట్టుకుంటుంది. నేను నూనె కొలిచే గొట్టంలోకి సన్నటి ట్యూబు దింపి, చేతిపంపుతో లాగాలి. అది చిన్న సీసా, మందు సీసా అంత. అది నిండేంత సేపు ఆవిడ నా పక్కన నిలబడుతుంది.

మొన్న అలాగే లాగుతూ, "ఈ మధ్య రేడియోలో ఏం వస్తోంది?" అని అడిగాను.

"ఏవో పాత పాటలు" అంది.

సీసా సగానికొచ్చింది. ట్యూబుని బొటనవేలి కింద నొక్కిపట్టి, లాగుతున్నట్టే పంపు ఆడిస్తున్నాను. చుక్క రావడం లేదు. ఆవిడ ఇంకేదో చెబుతోంది. చెబుతూ చెబుతూ ఆగి, సీసా వంక చూసి, నా చేతి వంక చూసింది.

"బొటనవేలు తియ్యండి" అంది.

తీశాను. సీసా నిండిపోయింది.