విశ్రాంతి దాకా

ఆ ఆదివారం పొద్దున రామానుజం వేసుకున్న పథకం చిన్నది. స్వామికి నివేదన చేసి, వచ్చినవాళ్లకు తీర్థం ఇచ్చి, పత్తర్‌గట్టిలోని పాత కాగితాల దుకాణం దగ్గర ఇశ్రాయేలును కలుసుకోవాలి. సికింద్రాబాద్ దొరల ఇళ్లలోంచి తూకానికి వచ్చే రంగుల బొమ్మల పుస్తకాల్లో ముసుగు వీరుడిది కొత్తది వచ్చిందని కబురు. ఆ వీరుడు వీపుకు ఎర్ర దుప్పటి కట్టుకొని ఎగురుతాడు, పరుగెత్తే రైలును చేత్తో ఆపుతాడు. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది కనుక ఇద్దరికీ బొమ్మలే ఆధారం.

రామానుజం గౌలీపురాలో ఒక చిన్న వేంకటేశ్వరస్వామి గుడికి రెండో అర్చకుడు. ఇశ్రాయేలు కార్ఖానాలో ఫిట్టరు. వాళ్ల స్నేహమంతా ఒక టికెట్టు మీద నడుస్తోంది. గుడి మధ్యాహ్నం మూస్తారు, సాయంత్రం అయిదింటికి తెరవాలి. మూడింటి ఆటకు రామానుజం తాతగారి నాటి షేర్వానీ తొడుక్కొని, నామం కనబడకుండా టోపీ కిందికి లాక్కొని, విశ్రాంతి దాకా చూస్తాడు. విశ్రాంతిలో బయటికి వచ్చేవాళ్లకు గేటు దగ్గర పాసు ఇస్తారు. ఆ పాసును, అప్పుడే కార్ఖానా నుంచి వచ్చి సోడాబండి దగ్గర నిలబడ్డ ఇశ్రాయేలు చేతిలో పెట్టి గుడికి పరుగెత్తుతాడు. మిగతా సగం ఇశ్రాయేలు చూస్తాడు. తర్వాత ఎవరి సగం వాళ్లు రెండోవాళ్లకు చెప్పుకుంటారు. ఈ పద్ధతిలో రామానుజం ఇంతవరకు ఒక్క సినిమాకూ ముగింపు చూడలేదు. ఇశ్రాయేలు ఒక్కదానికీ మొదలు చూడలేదు. అభిప్రాయాలకు మాత్రం ఇద్దరికీ కొదవ లేదు.

కత్తియుద్ధాల సినిమాల మీద రామానుజం మాటంటే ఆ గల్లీలో తీర్పే. "మా దోస్తు చూసి చెప్పిండు" అని మొదలుపెట్టి, తీర్థం పోస్తూనే చెప్పేవాడు. నాయకుడు పోట్లాటకు ముందు పాట పాడకూడదు, ఆయాసం వస్తుంది. శత్రువులు గుంపుగా వచ్చి కూడా శఠగోపానికి నిలబడ్డట్టు ఒక్కొక్కరే ముందుకొస్తున్నారు, అది యుద్ధం కాదు, వరస. గుర్రం ముసలిదైతే సంగీతం ఎంత గట్టిగా వాయించినా దాగదు. ఇలాంటివి విని గల్లీ కుర్రవాళ్లు సినిమాకు వెళ్లాలో వద్దో తేల్చుకునేవారు.

ధర్మకర్త విఠల్‌రావు భార్య రమాబాయి ఆ పొద్దున శఠగోపం కింద నుంచి తల ఎత్తకుండానే అడిగింది.

"అయ్యగారూ, గా పూజారి ఉన్న సినిమా ఎట్లుందట?"

"బంగారమసొంటి సినిమా అమ్మా. తల్లీతండ్రీ లేని పిల్లగాన్ని పూజారి పెంచుతడు. మధ్యాహ్నం గూడ గుడి ఇడిచి బయటికి పోడు, గంత భక్తి! ఆఖర్కు మంత్రించిన కత్తి ఇచ్చి పిల్లగాన్ని ఆయననే గెలిపిస్తడు. ఆడోళ్లు చూడదగ్గది."

"అయితె మా భజన మండలిని మొత్తం తీస్కపోత. నీ మాట మీదనే పోతున్నం, యాదిపెట్టుకో."

రామానుజానికి ఇది మంచి శకునంగా తోచింది. పెద్ద అర్చకులు శ్రీరంగంలో స్థిరపడడానికి వెళ్లిపోతున్నారు. ఆయన స్థానం రామానుజానికి ఇవ్వాలా, అతని పెదనాన్న కొడుకు రంగాచారికి ఇవ్వాలా అన్నది విఠల్‌రావు ఆ వారమే తేల్చాలి. రంగాచారి గుడి గడప దాటడు, నవ్వడు, మధ్యాహ్నం తలుపులు వేసుకొని లోపలే జపం చేసుకుంటాడు. రామానుజం సినిమాలకు పోతాడని తెలిసిన రోజున ఇక తేల్చవలసింది ఏమీ ఉండదు.

పత్తర్‌గట్టిలో ఇశ్రాయేలు అప్పటికే పుస్తకాన్ని కుట్టు దగ్గర రెండుగా విడదీసి కూర్చున్నాడు. మొదటి సగం అయ్యగారిది, రెండో సగం అతనిది. ఇక్కడా ఒప్పందం అదే.

"ఈ ముసుగోడు వచ్చే పుస్తకంల ఓడిపోతడు చూడు," అన్నాడు రామానుజం. "కొట్లాటకు పోయేటోడు వీపుకు గంత దుప్పటి కట్టుకుంటడా? నేను హారతి ఇచ్చేటప్పుడే ఉత్తరీయం నడుముకు చుట్టుకుంట. ఎవడన్న ఎనుక నుంచి పట్టి గుంజితె అయిపాయె."

"ఓడిపోతె పుస్తకం ఎవరు కొంటరు అయ్యగారూ? ఆఖరి పేజీ బొమ్మ చూడుండ్రి. వచ్చే నెల సముద్రం కిందికి పోతడట."

"తడిసిన దుప్పటితోటి మల్ల పైకెట్ల ఎగురుతడు?"

ఇశ్రాయేలు ఆఖరి పేజీని మరోసారి తిప్పి చూసుకున్నాడు. ఆ గెలుపు ఉత్సాహంలో రామానుజం రమాబాయి సంగతి చెప్పాడు. ఇశ్రాయేలు చేతిలోని సగం పుస్తకం కింద పెట్టేశాడు.

"ఆపుండ్రి అయ్యగారూ. ఎట్లనన్న జేసి ఆపుండ్రి. గా పూజారి మంచోడు కాదు."

"కత్తి ఇచ్చిండంటివి గద?"

"ఇయ్యలే. పొడిచిండు. మధ్యాహ్నం తలుపులు ఏసుకొని దేవుని నగల కొట్టుకు సొరంగం తవ్వుతుంటడు. ఆఖర్కు పిల్లగాడు ఆయన్ని గోపురం మీదికెళ్లి కింద పడేస్తడు. జనం సీటీలే సీటీలు, చప్పట్లే చప్పట్లు."

"మరి నాకు గట్ల చెప్పకపోతివి?"

"మీరు పూజారులాయె. మీ ముంగట పూజారిని దొంగ అని ఎట్లనాలె? గీ నడుమ సినిమాలల్ల మస్తుమంది పూజారులు దొంగలే అయ్యగారూ. మీకు చెప్పేటప్పుడు అందర్ని నేనే మంత్రులను జేసిన."

 మొదటి సగాల్లో తాగి పెళ్లాన్ని కొట్టే కార్ఖానా పనివాళ్లందరినీ రామానుజం కూడా ఇశ్రాయేలు కోసం బట్టల సేట్లుగా మార్చి చెప్పాడు. ఆ మాట ఇప్పుడు బయటపెడితే ఇశ్రాయేలు తేలికపడ్డాడు. కాని దానివల్ల రమాబాయి ఆగదు.

ఆ సాయంత్రమే రామానుజం ఆపే పని మొదలుపెట్టాడు. ముందు రమాబాయితో, సినిమా అంత బాగుండదట, గుర్రాలు ముసలివట అన్నాడు. "మేం గుర్రాలను చూస్తందుకు పోతున్నమా? పూజారిని చూస్తందుకు. తమ జాతిని తాము పొగుడుకోవద్దని చూస్తున్నవు, గింత అణకువ పనికిరాదు" అని ఆమె పెద్ద అర్చకుల ఇంటి ఆడవాళ్లను కూడా పిలిచింది. తర్వాత విఠల్‌రావుతో, కత్తులు చూసి ఆడవాళ్లు జడుసుకుంటారేమో అన్నాడు. "ఖరీ బాత్. మొగోళ్లు ఎంబడి ఉండాలె" అని ఆయన తానూ వస్తానన్నాడు, తోటి ధర్మకర్తలకూ కబురు పంపాడు. చివరికి, వెళ్లే రోజు ఏకాదశి కదా, ఉపవాసంతో సినిమా ఏమిటి అన్నాడు. విఠల్‌రావు కళ్లు చెమ్మగిల్లాయి.

"ఏమయ్యా రామానుజం, నాకు తట్టనే లేదు. ఉపవాసం ఉండి గసొంటి మహానుభావుని కథ చూస్తె పుణ్యం గాదా? ఉపవాసం ఉన్నోళ్లందర్ని తీస్కపోదాం. నువ్వు నా పక్కన కూర్చో. గుడి రంగాచారి తెరుస్తడు. తెల్లారి పెద్ద అర్చకత్వం సంగతి అందరి ముంగట చెప్త."

ఒక జట్కాకు సరిపోయే జనం గల్లీ మొదలు నుంచి చివరిదాకా పెరిగారు. రామానుజం తిండి మానేశాడు. ఏకాదశి ఇంకా రాలేదు కనుక ఇంట్లోవాళ్లు భక్తి ముదిరిందనుకున్నారు.

ఉపాయం చెప్పింది ఇశ్రాయేలు. "వాళ్లల్ల ఇదివరకు సినిమా చూసినోళ్లు ఉన్నరా?"

"లేరు. రావ్ సాబ్ ఒక్కరే, ఎన్నడో మూగ సినిమా. గంటన్నరల అయిపోయిందని ఇప్పటికీ చెప్తుంటడు."

"మరింకేం ఫికర్? మీరు ఎప్పుడూ ఎంత చూస్తరో గంతనే చూపెట్టుండ్రి. జట్కాలు నేను గేటు ముంగటికి తెస్త."

ఏకాదశి నాడు భజన మండలి మేడ మీద ఆడవాళ్ల జనానాలో పరదా వెనుక కూర్చుంది. మగవాళ్లు కింద కూర్చున్నారు. మొదటి సగం బ్రహ్మాండంగా సాగింది. తెర మీద పూజారి కనబడినప్పుడల్లా పైనుంచి గాజుల చప్పుడుతో దండాలు పడుతున్నాయి. విఠల్‌రావు రెండుసార్లు రామానుజం భుజం తట్టాడు. చెరసాలలో రాకుమారి ఏడుస్తుండగా, కుర్రవాడు కత్తి పైకెత్తి ప్రతిజ్ఞ చేస్తుండగా, దీపాలు వెలిగాయి. తెర మీద అక్షరాలు పడ్డాయి.

"విశ్రాంతి," అని పైకి చదివాడు విఠల్‌రావు. "అంటే?"

"కథ అయిపోయింది, ఇగ ఇంటికి పోయి విశ్రాంతి తీసుకోమని సాబ్."

ఎవరూ అనుమానించలేదు. మెట్ల దగ్గర రమాబాయి మాత్రం ఆగింది. "రాకుమారి ఇంకా జేల్లనే ఉన్నది గద అయ్యగారూ?"

"దేవుడు చూసుకుంటడమ్మా."

ఆమెకు ఆ ముగింపు నచ్చింది. గేటు దగ్గర ఒక్కొక్కరికీ పాసు చేతికొచ్చింది. రామానుజం చెయ్యి అలవాటు కొద్దీ అందరికంటే ముందు చాచుకొని ఉంది. గేటు మనిషి ఆ చేతిని చూసి ముఖం చూశాడు.

"అరే, షేర్వానీ సాబ్! ఆజ్ ధోతీ మే?"

"నిన్ను ఎరుగునా?" అన్నాడు విఠల్‌రావు.

"ఎవరో అనుకుంటున్నడు సాబ్. నడవండి, ఎండ తగ్గింది."

బయట ఇశ్రాయేలు జట్కాలతో సిద్ధంగా ఉన్నాడు. అయితే అతని కార్ఖానా నుంచి వచ్చినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. విశ్రాంతిలో ఇంటికి పోయేవాళ్ల పాసులు అడిగి మిగతా ఆట చూడడం వాళ్లకూ తెలిసిన విద్యే. "అమ్మా, మీకు అక్కర లేకపోతె ఇయ్యుండ్రి" అని వాళ్లు చేతులు చాచారు. ఈ అట్ట ముక్కలతో ఏం చేసుకుంటారో రమాబాయికి తెలియదు. అయినా ఏకాదశి నాడు అడిగినవాళ్లకు లేదనకూడదు. పసుపు కుంకుమ పంచినట్టు మండలి పాసులన్నీ పోగుచేసి పంచిపెట్టింది.

అవన్నీ జనానా పాసులు. ఒళ్లంతా నూనె మరకలతో ఖాకీ మనుషులు పరదా ఎత్తుకొని లోపలికి వెళ్లేసరికి, అక్కడ మిగిలిన ఆడవాళ్లు అరిచిన అరుపు జట్కా గుర్రాలదాకా వచ్చింది. గుర్రాలు బెదిరాయి, ఎక్కుతున్నవాళ్లు దిగారు. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. వెనుక గేటు మనిషి, అతని వెనుక ఖాకీ గుంపు.

"ఏంది లొల్లి? జనానా పాసులు బజార్ల పంచింది ఎవరు?"

గేటు మనిషి వేలు తిన్నగా రామానుజం మీదికి వెళ్లింది. "ఈయననే సాబ్. ప్రతి వారం సగం ఆట చూస్తడు, పాసు బయట ఇచ్చిపోతడు."

"ప్రతి వారమా?" అన్నాడు విఠల్‌రావు. తర్వాత ఇంకొంచెం నెమ్మదిగా, "సగమా?" అన్నాడు.

ఇంకా పాసులు దాచాడేమోనని మేనేజరు అతని మొల దులపమన్నాడు. పాసులు రాలేదు. రంగుల పుస్తకం రాలింది. విఠల్‌రావు వంగి తీశాడు. ఎర్ర దుప్పటి కట్టుకున్న మనిషి ఆకాశంలో ఉన్నాడు.

"ఇదేంది?"

"పుస్తకం సాబ్. సగం."

"ఇది గూడ సగమేనా? మిగతాది?"

ఇశ్రాయేలు అబద్ధం ఆడగలిగేవాడే, కాని ఆ క్షణంలో తోచలేదు. ఖాకీ జేబులోంచి రెండో సగం తీసి చూపించాడు.

  విఠల్‌రావు పాసులన్నీ వెనక్కి ఇప్పించి, మండలిని మెట్లెక్కించి, రామానుజాన్ని పక్కన కూర్చోబెట్టుకొని మిగతా సగం చూశాడు. తెర మీద పూజారి మధ్యాహ్నం తలుపులు మూశాడు. నెత్తి మీది పూలు తీసి పక్కన పెట్టి గడ్డపార అందుకున్నాడు. మేడ మీద గాజులు ఆగిపోయాయి. తన ఉద్యోగం పోయిందని రామానుజానికి స్పష్టంగా తెలుస్తూనే ఉంది. అయినా గోపురం మీద కత్తులు కలిసేసరికి, పుట్టి ఎరగని ముగింపు కళ్ల ముందు నడుస్తుంటే అతనికి ఒళ్లు తెలియలేదు. "ఎనుక చూడు! ఎనుక చూడురా!" అని లేచి అరిచాడు. పూజారి కింద పడ్డప్పుడు ఒక్కసారి ఈల కూడా వేశాడు.

తెల్లారి అందరూ గుడి మండపంలో చేరారు. రంగాచారి ముందే వచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డాడు. సంగతి అతనికి రాత్రే తెలిసింది. రామానుజం స్తంభం పక్కన నిలబడ్డాడు. విఠల్‌రావు చేతికర్రతో లోపలికి వచ్చి, రామానుజం వైపు చూడకుండా, రంగాచారి ముందు ఆగాడు.

"దినాం మధ్యాహ్నం తలుపులు ఏసుకొని లోపల ఏం జేస్తవయ్యా?"

"జపం సాబ్."

"నిన్న ఆయన గూడ గదే అన్నడు."

రంగాచారికి అర్థం కాలేదు. విఠల్‌రావు నగల కొట్టు ముందు నేలను కర్రతో ఒక్కొక్క బండా తట్టి చూశాడు. ఒక బండ దగ్గర రెండుసార్లు తట్టాడు. రమాబాయి, ఆమె వెనుక మండలి మొత్తం, ఊపిరి బిగబట్టి విన్నారు. నేల గట్టిగానే ఉంది. అది చూసి కూడా ఎవరి ముఖమూ తేలికపడలేదు.

"ఇంక షురూ జెయ్యలేదేమో," అన్నది రమాబాయి.

విఠల్‌రావు తాళాల గుత్తి తీసి రామానుజం చేతిలో పెట్టాడు. "నువ్వు జేసిన పని మంచిది కాదు. అబద్ధాలాడినవు. గాని మధ్యాహ్నం పూట నువ్వెక్కడున్నవో నాకు తెలుసు, గేటోనికి తెలుసు, ఊరంతటికి తెలుసు. నగలకాడ ఉండేటోడు గట్లనే ఉండాలె."

రంగాచారి ఏదో చెప్పబోయాడు. మండలి అతన్ని గోపురం మీదికి ఎక్కిన మనిషిని చూసినట్టు చూసింది. 

తర్వాతి వారం కొత్త కత్తియుద్ధం సినిమా మూడింటి ఆటకు రంగాచారి మొట్టమొదటి టికెట్టు కొన్నాడు. పన్నెండు నామాలూ పెట్టుకొని మొదటి వరసలో, అందరికీ ముఖం కనబడేలా తెరకు వీపు పెట్టి, ఆట అయ్యేదాకా కూర్చున్నాడు.